పాత ట్రావెలర్ క్యాంపర్ వ్యాన్: గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం ఇంటి దగ్గర చూసుకోవడం ఎలా?

హన్మకొండ_సంచారి
మా వద్ద బజాజ్ టెంపో (ఇప్పటి ఫోర్స్ మోటార్స్) కాలం నాటి ట్రావెలర్ వ్యాను ఒకటి ఉన్నది. వెనుక సీట్లు తీయించి, మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు బిగించుకొని కుటుంబంతో లక్నవరం, బొగత జలపాతం వైపు తిరుగుతుంటాము. కొంతకాలంగా పొద్దున పూట రెండో గేరు నుంచి మూడో గేరుకు మార్చేటప్పుడు రాడ్డు బిగుసుకుంటున్నది. వేగం మీద ఉన్నప్పుడు కింది నుంచి సన్నని కూత కూడా వినిపిస్తున్నది. ఆయిల్ తగ్గిందేమోనని యూట్యూబులో వెతికితే, విదేశాల్లోని క్యాంపర్ వ్యాన్ల యజమానులు ఇంజన్ నడుస్తుండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) బయటికి తీసి చూపిస్తున్నారు. నా బండిలో ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తప్ప రెండోది ఎక్కడా కనిపించలేదు. దగ్గరలోని మెకానిక్‌ను అడిగితే, గేర్ ఆయిల్ బండి ఉన్నంతకాలం వస్తుందని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పంపించారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆయిల్ ఎంత ఉన్నదో ఇంటి దగ్గరే నమ్మకంగా తెలుసుకునే పద్ధతి ఏమిటి? బండి కింద పడుకొని పని చేయడానికి నాకు అభ్యంతరం లేదు, కాని తెలియని బోల్టు విప్పి కొత్త సమస్య తెచ్చుకోవాలని లేదు.

గోదావరిఖని_ఫిట్టర్
డిప్‌స్టిక్ కోసం వెతకడం ఆపండి, అది మీ బండికి ఉండదు. మీరు చూసినవి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న వ్యాన్లు. గనుల్లో తిరిగే పెద్ద డంపర్లకు కూడా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ట్రాన్స్‌మిషనే ఉంటుంది కాబట్టి అక్కడ మేము ఇంజన్ నడుస్తుండగానే మట్టం చూస్తాము. మీది చేతితో గేరు మార్చే బండి. లోపలి పళ్లచక్రాలు అడుగున నిలిచిన ఆయిల్‌లో మునిగి తిరుగుతూ, పైనున్న చక్రాలకు, బేరింగులకు దాన్ని చిమ్ముతుంటాయి. అందుకే గేర్‌బాక్స్ పక్క గోడకు ఒక బోల్టు పెడతారు. ఇంజన్ ఆపి, బండి సమతలంగా ఉన్నప్పుడు, ఆ రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ ఉంటే సరిపోయినట్టు. పోసేదీ ఆ రంధ్రంలోనే, చూసేదీ ఆ రంధ్రంలోనే. అడుగున ఉన్న ఇంకో బోల్టు ఆయిల్ వదలడానికి.

అడుగు బోల్టు జోలికి పోకముందే పక్క బోల్టు ఊడి వస్తుందో లేదో చూసుకోవాలి. ఏళ్ల తరబడి ఎవరూ విప్పని బోల్టు పట్టేసి ఉంటుంది. ఉన్న ఆయిల్ అంతా వదిలేసిన తర్వాత పై బోల్టు రాలేదంటే బండి అక్కడే ఆగిపోతుంది, గ్యారేజీ దాకా నడుపుకొని పోవడానికి కూడా వీలుండదు.

మెల్‌బోర్న్_మంచిర్యాల
నా దగ్గర ఇక్కడ ఉన్న పాత టొయోటా హైఏస్ క్యాంపర్ ఆటోమేటిక్ కాబట్టి ఆ వీడియోల వెనుక కారణం చెబుతాను. బండిని కొంత దూరం నడిపి ఆయిల్ వేడెక్కనిచ్చి, సమతలం మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి ఉంచి గేరు లివర్‌ను అన్ని స్థానాల గుండా ఒకసారి తిప్పి, పార్కులో పెట్టి, ఇంజన్ నిదానంగా నడుస్తుండగా డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. ఇంజన్ ఆపితే కన్వర్టర్‌లో ఉన్న ఆయిల్ కొంత కింది తొట్టిలోకి దిగివస్తుంది, అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ మట్టం కనబడి మోసం చేస్తుంది. హోండా మాత్రం తన ఆటోమేటిక్ బండ్లకు ఇంజన్ ఆపి చూడమనే చెబుతుంది. ఆ ఆయిల్ ఎర్రగా, తేటగా ఉండాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే లోపలి క్లచ్ పలకలు అరుగుతున్నాయని అర్థం.

పాత ఫోక్స్‌వ్యాగన్ టీ3 ఆటోమేటిక్ క్యాంపర్లలో అయితే గేర్‌బాక్స్‌కు ఒక ఆయిల్, ఫైనల్ డ్రైవుకు (చక్రాలకు బలం పంచే చివరి పళ్లచక్రాలకు) వేరే ఆయిల్ ఉంటాయి. ఒక్క డిప్‌స్టిక్ చూసి రెండూ సరిపోయాయనుకోవడానికి లేదు. కాబట్టి ఒక వాహనం వీడియో చూసి ఇంకో వాహనానికి ఆ పద్ధతి వాడకూడదు, మంచిర్యాలలోనైనా మెల్‌బోర్న్‌లోనైనా.

హన్మకొండ_సంచారి
కింద దూరి చూశాను. పక్క గోడకు మూడు రకాల బోల్టులు కనిపిస్తున్నాయి. ఒకదానికి వైరు తగిలించి ఉన్నది, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. వీటిలో ఆయిల్ బోల్టు ఏదో ఎలా నిర్ధారించుకోవాలి?

గోదావరిఖని_ఫిట్టర్
వైరు ఉన్నది రివర్స్ లైటు స్విచ్చు, దాన్ని వదిలేయండి. చిన్న బోల్టు వెనుక చాలా గేర్‌బాక్సుల్లో స్ప్రింగు, గోలీ ఉంటాయి. గేరు పడిన చోట నిలబడడానికి ఆ ఏర్పాటు. దాన్ని విప్పితే స్ప్రింగు బయటికి వచ్చి గోలీ లోపల పడే ప్రమాదం ఉన్నది, అప్పుడు గేర్‌బాక్స్ విప్పడం తప్ప దారి ఉండదు. ఆయిల్ బోల్టు వెడల్పుగా ఉండి, కింద వాషరు కనిపిస్తుంది. అయినా పెద్దది కాబట్టి అదే అని అనుకోకుండా, మీ బండి సర్వీసు పుస్తకంలోని బొమ్మతో సరిచూసుకోండి.

పాకాల_పయనం
ఫిట్టర్ అన్న చెప్పిన సమతలం అన్న మాట దగ్గర క్యాంపర్ యజమానులు కొంచెం ఎక్కువ జాగ్రత్త పడాలి. మామూలు ట్రావెలర్ ఖాళీగా ఉన్నప్పుడు ఎలా నిలబడుతుందో మన బండ్లు అలా నిలబడవు. మంచం, అలమారలు, గ్యాసు సిలిండరు, వెనుక మూలన నీళ్ల ట్యాంకు, అన్నీ కలిసి వెనుక పట్టీలను కిందికి కుంగదీస్తాయి. 100 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 100 కిలోలు. నేల సమతలంగా ఉన్నా బండి సమతలంగా ఉండదు. ముక్కు పైకి లేచి, తోక దిగి ఉంటే ఆయిల్ గేర్‌బాక్స్ వెనుక భాగానికి జారుతుంది. రంధ్రం ముందు వైపు ఉంటే తక్కువగా, వెనుక వైపు ఉంటే ఎక్కువగా చూపిస్తుంది.

నేను చేసే పద్ధతి ఏమిటంటే, ముందు నీళ్ల ట్యాంకు ఖాళీ చేస్తాను. తర్వాత మేస్త్రీలు వాడే రసమట్టం తీసుకొని ఛాసిస్ మీద పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూస్తాను. తేడా ఉంటే చక్రాల కింద మందపాటి చెక్క పలకలు పెట్టి సరిచేస్తాను. ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి, ఆ వాలులోనే వేలు పెట్టి చూసి, ఆయిల్ నిండుగా ఉన్నదని సంతోషపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కొలతకు విలువ లేదు.

కరీంనగర్_పానా
ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. వాటర్ సర్వీసింగ్ చేసే ఏ సెంటరుకు పోయినా ర్యాంపు గాని పిట్టు గాని ఉంటుంది. అక్కడ బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది, మనిషి నిలబడి పని చేయవచ్చు. ఇంటి వాకిట్లో రెండు టన్నులకు పైబడిన బండి కింద పడుకోవడం నాకు సమ్మతం కాదు.

పాకాల_పయనం
భద్రత గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, అందులో వాదన లేదు. కాని ర్యాంపు మీద వెనకాల ఇంకో బండి హారన్ కొడుతుంటే పది నిమిషాలు ఆగి ఆయిల్ కిందికి దిగనివ్వడానికి ఎవరూ ఒప్పుకోరు. ట్రావెలర్ నేలకు తగినంత ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మట్టం చూడడం వరకైతే జాకీ లేకుండానే దూరవచ్చు. ఎత్తక తప్పని పరిస్థితిలో నాలుగు మూలలా జాకీ స్టాండ్లు పెట్టాలి. ఎత్తక ముందు చక్రాల ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. ఒట్టి జాకీ మీద ఆధారపడి, లేదా సిమెంటు ఇటుకలు పేర్చి వాటి మీద బండిని నిలిపి కిందికి ఎవరూ పోకండి. సిమెంటు ఇటుక ముందుగా హెచ్చరించి పగలదు.

జమ్మికుంట_డీజిల్
మట్టం సంగతి సరే. తక్కువ ఉంటే ఏదో ఒక మంచి కంపెనీ జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్, చిక్కదనం 90 నంబరుది, తెచ్చి పోసేయండి. ట్రాక్టరుకైనా, లారీ హౌసింగుకైనా (వెనుక ఇరుసు పళ్లచక్రాల గూడు), వ్యానుకైనా మా షెడ్డులో అదొక్కటే డబ్బా ఉంటుంది. జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే పై మెట్టు కదా, పై మెట్టు ఆయిల్ పోస్తే నష్టం ఏముంటుంది?

రసాయన_అధ్యాపకుడు
జీఎల్-4, జీఎల్-5 అనేవి ఒకే మెట్ల దారిలో కిందిదీ పైదీ కావు. అవి రెండు వేర్వేరు పనులకు ఏర్పడ్డ తరగతులు. వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ చక్రాలు హైపాయిడ్ రకానికి చెందినవి. వాటి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక విపరీతమైన ఒత్తిడి కింద జారుతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోతుంది కాబట్టి, గంధకం, భాస్వరం ఉన్న పదార్థాలు కలిపి, అవి ఉక్కు ఉపరితలంతో చర్య జరిపి ఒక రక్షణ పొర ఏర్పరిచేటట్టు చేస్తారు. గేర్ ఆయిల్‌కు ఉండే ఘాటు వాసన ఆ గంధకానిదే. జీఎల్-5లో ఈ పదార్థాల మోతాదు జీఎల్-4తో పోలిస్తే సుమారు రెట్టింపు.

గేర్‌బాక్స్‌లో పరిస్థితి వేరు. గేర్లు కరకరలాడకుండా కలవడానికి పెట్టే సింక్రో రింగులు పాత బండ్లలో ఎక్కువగా ఇత్తడివి. చురుకైన గంధకం, వేడి కలిసినప్పుడు రాగి ఉన్న లోహాన్ని తినే స్వభావం కలది. ఆయిల్ కంపెనీలు రాగి పట్టీని వేడి ఆయిల్‌లో ముంచి రంగు మార్పు చూసే పరీక్ష చేసేది ఇందుకే. రెండో సంగతి, సింక్రో రింగు పని చేయాలంటే కొంత రాపిడి ఉండాలి. మరీ జారుడుగా ఉండే ఆయిల్ పోస్తే రింగు పట్టు దొరకక గేరు కరకరలాడుతుంది. కాబట్టి సర్వీసు పుస్తకం గేర్‌బాక్స్‌కు జీఎల్-4 అని చెబితే జీఎల్-4 పోయాలి, హౌసింగుకు జీఎల్-5 అని చెబితే అక్కడ జీఎల్-5 పోయాలి.

జమ్మికుంట_డీజిల్
మా షెడ్డు బండ్లలో ఇన్నేళ్లుగా ఏ గేర్‌బాక్సూ చెడిపోలేదు కాబట్టి నా అభిప్రాయం నాకు ఉన్నది. ఇప్పటి జీఎల్-5 ఆయిల్స్‌లో ఇత్తడికి హాని చేయనివి కూడా వస్తున్నాయి.

రసాయన_అధ్యాపకుడు
వస్తున్నాయి, ఆ మాట వాస్తవం. అయితే డబ్బా మీద ఆ సంగతి స్పష్టంగా రాసి ఉండాలి. ట్రాక్టర్లలో, బరువు వాహనాల పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులే లేనివి చాలా ఉన్నాయి, అక్కడ తేడా కనబడకపోవడం సహజం. ఒక బండి అనుభవాన్ని ఇత్తడి రింగులున్న మరో బండికి వర్తింపజేయలేము.

మెల్‌బోర్న్_మంచిర్యాల
ఇంకో జాగ్రత్త కూడా చెబుతాను. ట్రావెలర్ 1987లో మెర్సిడెస్ టీ1 వ్యాన్ నమూనా మీద వచ్చిన బండి. ఆ కాలపు కొన్ని మెర్సిడెస్ కార్లకు చేతి గేర్‌బాక్సే ఉన్నా దానిలో పోసేది ఆటోమేటిక్ బండ్లకు వాడే పలుచని ఎర్ర ఏటీఎఫ్ ఆయిల్. చేతి గేరు అనగానే 80డబ్ల్యు-90 అని ఖాయం చేసుకోకూడదు. మీ సంవత్సరం మోడలుకు, మీ గేర్‌బాక్స్ నంబరుకు ఏ ఆయిలో పుస్తకమే చెప్పాలి.

కాజీపేట_లోకో
గేరు బిగువుగా పడుతున్నదంటే తప్పు ఎప్పుడూ ఆయిల్‌దే కాదు. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. అప్పుడు క్లచ్ పెడల్ ఆట, క్లచ్ ఆయిల్, సిలిండర్లు చూసుకోవాలి. ఎన్ని లీటర్ల గేర్ ఆయిల్ మార్చినా ఆ లోపం పోదు. రెండు సందర్భాల్లోనూ బిగువుగా ఉంటే గేర్‌బాక్స్, లేదా గేరు రాడ్డు లింకేజీ.

కూత విషయంలో కూడా చెవి పెట్టి వినండి. ఏ గేరులో ఉన్నా బండి వేగంతో పాటే కూత పెరిగితే వెనుక హౌసింగును అనుమానించాలి. గేరు మారినప్పుడల్లా కూత మారితే గేర్‌బాక్స్. సాధారణంగా నాలుగో గేరులో బలం గేర్‌బాక్స్ కింది షాఫ్టు మీదుగా పోకుండా నేరుగా వెనక్కి పోతుంది కాబట్టి, ఆ ఒక్క గేరులో కూత తగ్గితే కింది షాఫ్టు బేరింగుల మీద దృష్టి పెట్టాలి.

హన్మకొండ_సంచారి
నిన్న ఆదివారం మా అపార్టుమెంటు పార్కింగులో చూశాను. పాకాల_పయనం అక్క చెప్పినట్టు ట్యాంకు ఖాళీ చేసి రసమట్టం పెడితే, బండి తోక నిజంగానే దిగి ఉన్నది. వెనుక చక్రాల కింద పలకలు పెట్టి సరిచేశాను. పుస్తకంలోని బొమ్మ ప్రకారం పెద్ద బోల్టే ఆయిల్ బోల్టు. తుప్పు వదిలించే ఆయిల్ చల్లి రాత్రంతా వదిలి, ఆరు మూలల బాక్సు పానాతో తిప్పితే మెల్లగా ఊడింది. ఆయిల్ బయటికి కారలేదు. చల్లబడిన తర్వాత చిటికెన వేలు వంచి లోపలికి పెడితే, రంధ్రం అంచుకు ఒక కణుపు కింద ఆయిల్ తగిలింది. రంగు నల్లగా ఉన్నది, జిగట చాలా ఎక్కువగా ఉన్నది, వేలు నుంచి జారడానికి కూడా సమయం తీసుకున్నది. బోల్టు కొసన అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకొని ఉన్నది, దాన్ని గుడ్డ మీద రుద్ది చూస్తే పలుకులు ఏవీ తగలలేదు. నీళ్ల జాడ లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు (వెనుక ఇరుసుకు బలం తీసుకుపోయే కడ్డీ) కలిసే చోట సీలు చుట్టూ తడి, దాని మీద దుమ్ము పేరుకొని ఉన్నది.

కాజీపేట అన్న చెప్పిన పరీక్ష కూడా చేశాను. ఇంజన్ ఆపినా, నడుస్తున్నా పొద్దున పూట బిగువు ఒకే తీరుగా ఉన్నది. కూత గేరును బట్టి మారుతున్నది.

గోదావరిఖని_ఫిట్టర్
చాలా మంచిగా చూశారు. మెత్తని బూడిద ముద్ద ఇంత వయసు బండికి సహజమే. గోరుకు తగిలే పలుకులు, ముక్కలు కనిపిస్తేనే భయపడాలి. ఆయిల్‌ను ఎండలో పట్టుకొని చూసినప్పుడు బంగారు రంగు మెరుపు తేలితే సింక్రో రింగు అరుగుతున్నదని గుర్తు.

క్లచ్ నిర్దోషి అని తేలింది. కూతకు ఒక కణుపు తగ్గిన మట్టం కారణం కావచ్చు. పొద్దున బిగువుకు నా అనుమానం మాత్రం వేరు. పాత బండి అమ్మేవాళ్లు కొందరు కూత వినపడకుండా గేర్‌బాక్స్‌లో 140 నంబరు చిక్కటి ఆయిల్ పోస్తారు. వేడెక్కాక పలుచబడి నడుస్తుంది, చల్లగా ఉన్నప్పుడు సింక్రో రింగు ఆ చిక్కదనాన్ని చీల్చలేక గేరు బిగుస్తుంది. లోపల ఏ ఆయిల్ ఉన్నదో తెలియనప్పుడు దాని మీద కొత్తది కలపడం కంటే పూర్తిగా మార్చడమే మేలు. వేడి మీద, అంటే కొద్ది దూరం నడిపి వచ్చిన తర్వాత వదలండి, అడుగున పేరుకున్న మడ్డి కూడా వస్తుంది. ఆ వేడి ఆయిల్ చేతికి తగలకుండా చూసుకోండి. వచ్చిన ఆయిల్‌ను గుర్తులున్న డబ్బాలో పట్టి కొలిస్తే, పుస్తకంలోని కొలతకు ఎంత తగ్గిందో తెలుస్తుంది.

పరకాల_రైతుబిడ్డ
సీలు మార్చే ముందు గేర్‌బాక్స్ పైన ఉండే బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) చూడండి. దుమ్ము, బురద పట్టి అది మూసుకుపోతే, వేడెక్కిన గాలికి బయటికి దారి లేక సీలు సందుల నుంచి ఆయిల్‌ను నెడుతుంది. కొత్త సీలు వేసినా కారడం ఆగదు.

మా వ్యాను మేడారం జాతర సమయంలో వాగు దాటి వచ్చిన తర్వాత ఇదే బ్రీదర్ వల్ల ఇబ్బంది పడ్డది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకొని, దొరికిన సందు నుంచి నీళ్లను లోపలికి లాగుతుంది. తర్వాత బోల్టు విప్పి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. అలా కనిపిస్తే ఆ ఆయిల్‌తో బండి నడపకూడదు, బేరింగులు తుప్పు పడతాయి. వానాకాలంలో ఏటూరునాగారం, తాడ్వాయి వైపు తిరిగేవాళ్లు గేర్‌బాక్స్‌తో పాటు వెనుక హౌసింగు ఆయిల్ కూడా విప్పి చూసుకోవాలి. నీళ్లు ముందుగా తగిలేది దానికే.

హన్మకొండ_సంచారి
బ్రీదర్ నిజంగానే మూసుకుపోయి ఉన్నది, కిరోసిన్‌తో కడిగాను. ఆయిల్ మార్చడానికి పుస్తకంలో ఉన్న రకమే తెచ్చాను. పక్క రంధ్రానికి, ఛాసిస్‌కు మధ్య డబ్బా వంచడానికి జాగా లేదు. ఎలా పోయాలి?

కరీంనగర్_పానా
మీరు ఇంటి దగ్గరే చేయాలని నిర్ణయించుకున్నారు కాబట్టి సరిగ్గా చేసే దారి చెబుతాను. గేర్ ఆయిల్ పోసే చేతి పంపు స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతుంది. అది లేకపోతే, రంధ్రంలో పట్టే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకొని ఇంజన్ పక్క నుంచి పైకి లాగి, గరాటు పెట్టి నిదానంగా పోయండి. రంధ్రం నుంచి సన్నని ధార బయటికి వచ్చినప్పుడు ఆపి, ఆ ధార దానంతట అది ఆగేదాకా వేచి ఉండండి, ఆ తర్వాతే బోల్టు బిగించండి. ఎక్కువ పోస్తే మంచిదనుకొని బండిని వంచి మరీ నింపకండి. మట్టం పెరిగితే పళ్లచక్రాలు ఆయిల్‌ను నురుగు చేస్తాయి, వేడి పెరుగుతుంది, ముందు సీలు దాటి క్లచ్ ప్లేటు మీదికి కూడా రావచ్చు.

రెండు బోల్టులకూ కొత్త వాషర్లు వేయండి. గేర్‌బాక్స్ పైకవచం అల్యూమినియంది అయితే మరలు మెత్తగా ఉంటాయి, ముందు చేత్తో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో పుస్తకం చెప్పిన బిగువుకు బిగించండి. పానాకు పైపు తొడిగి బలమంతా పెడితే మర తెగి, చిన్న పని పెద్ద ఖర్చు అవుతుంది.

హన్మకొండ_సంచారి
నిన్న సాయంత్రం పని పూర్తయింది. బయటికి వచ్చిన పాత ఆయిల్ పుస్తకంలోని కొలతకు దాదాపు పావు వంతు తక్కువ ఉన్నది. కొత్త ఆయిల్ పక్కన పెట్టి చూస్తే పాతది ఎంత చిక్కగా ఉన్నదో కంటికే తెలిసింది. ఈ రోజు పొద్దున చల్లటి బండి మీద మూడో గేరు ఏ బలవంతమూ లేకుండా పడింది. కూత చాలా వరకు తగ్గింది కాని పూర్తిగా పోలేదు, నాలుగో గేరులో మాత్రం అసలు వినిపించడం లేదు.

కాజీపేట_లోకో
అయితే కింది షాఫ్టు బేరింగు కొంత అరిగి ఉన్నది. తక్కువ ఆయిల్‌తో, క్యాంపర్ బరువుతో ఎంత కాలం నడిచిందో తెలియదు. వెంటనే విప్పనవసరం లేదు. కూత పెరుగుతున్నదేమో గమనిస్తూ, కొద్ది రోజులు నడిపిన తర్వాత అడుగు బోల్టు అయస్కాంతం మళ్లీ చూడండి. పలుకులు కనిపించిన రోజే గేర్‌బాక్స్ దించాలి. అప్పటిదాకా పూర్తి బరువుతో దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

జమ్మికుంట_డీజిల్
చిక్కటి ఆయిల్ విషయంలో ఫిట్టర్ అన్న అంచనా సరిగ్గా కుదిరింది. ప్రొపెల్లర్ షాఫ్టు సీలు మాత్రం వదిలేయకండి. బ్రీదర్ కడిగిన తర్వాత ఆ చోటును తుడిచి శుభ్రం చేసి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ తడి కనిపిస్తే సీలు మార్చండి. సీలు ఖరీదు తక్కువే.

రసాయన_అధ్యాపకుడు
పాత ఆయిల్ ఏం చేశారు? అపార్టుమెంటు పక్క నాలాలో మాత్రం పారబోయకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. మన నాలాల్లో పోసింది చివరికి ఏదో ఒక చెరువుకే చేరుతుంది. నీటి మీద పొరగా పరుచుకొని గాలి లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, నీళ్లు గాని డీజిల్ గాని కలపకుండా, వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇచ్చే పెద్ద సర్వీసు సెంటరులో అడిగి అప్పగించండి.

హన్మకొండ_సంచారి
డబ్బాలోనే భద్రంగా ఉన్నది సార్. వచ్చే ఆదివారం వెనుక హౌసింగు బోల్టు విప్పుతాను. పుస్తకం అక్కడ జీఎల్-5 అనే చెబుతున్నది. ఆ ఆయిల్ కూడా మార్చిన తర్వాత రెండు డబ్బాలూ కలిపి అప్పగిస్తాను.